విదేశంలో పెద్ద వయసు మిషనరీ దంపతులు: మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఏం చేస్తారు?

కృపాకిరణం
అందరికీ వందనాలు. నాకు 63, మావారికి 66. పిల్లల పెళ్లిళ్లయ్యాయి, బాధ్యతలు తీరాయి. రిటైరయ్యాక ఇద్దరం కలిసి పరిచర్యకి వెళ్లాలని ఎప్పటి నుంచో మా ప్రార్థన. పోయిన నెలలో పిలుపు ఉత్తరం వచ్చింది. పద్దెనిమిది నెలలు, మేమెప్పుడూ చూడని దేశం, తెలియని భాష. ఉత్తరం మావారు చదువుతుంటే నాకు కన్నీళ్లాగలేదు. అవి సంతోషంతో వచ్చినవే.

కానీ అప్పటి నుంచి రాత్రుళ్లు ఒకటే ఆలోచన. తిరిగొచ్చిన వాళ్లు సాక్ష్యం చెప్పేటప్పుడు బాప్తిస్మాల గురించి, అద్భుతాల గురించి చెబుతారు. వింటే మనసు నిండుతుంది. అయితే మంగళవారం మధ్యాహ్నం మూడింటికి వాళ్లు ఏం చేస్తుండేవాళ్లో ఎవరూ చెప్పరు. నాకు తెలియాల్సింది అదే. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా అక్కడ రోజు ఎలా ఉంటుంది? వెళ్లినవాళ్లు, ఇప్పుడు అక్కడున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. భయపెట్టినా పర్వాలేదు.

---

పద్నాలుగో నెల
అక్కా, వందనాలు. నా పేరు చూస్తే తెలిసిపోతుంది, మేమిక్కడికి వచ్చి పద్నాలుగో నెల నడుస్తోంది. మాది యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం, బయటివాళ్లు మోర్మన్ సంఘం అంటారు. మా దగ్గర పెద్ద వయసు దంపతులు 6, 12, 18, 23 నెలల్లో ఎంతకాలం వెళ్తారో తామే చెప్పుకోవచ్చు. ఖర్చు మన చేతిదే. ఎలాంటి పని ఇష్టమో రాసుకోవచ్చు గానీ ఎక్కడికి పంపాలన్నది మన చేతిలో ఉండదు. యువ మిషనరీల్లా రోజంతా తలుపులు తట్టి బోధించమని మమ్మల్ని అడగరు. ఆఫీసు పని, సహాయ కార్యక్రమాలు, కుటుంబ చరిత్ర రికార్డుల పని, చిన్న సంఘాల్లో కొత్త నాయకులకి తోడుగా ఉండడం, ఇలాంటివి ఇస్తారు.

మా మంగళవారం చెబుతాను. అయిదున్నరకి లేస్తాం. ఎండ ముదరక ముందే అరగంట నడక. తర్వాత వాక్యం, ప్రార్థన, ఇరవై నిమిషాలు భాష. అట్టముక్కలు కత్తిరించి ఒకవైపు మన మాట, రెండోవైపు వాళ్ల మాట రాసుకున్నాను. ఇప్పటికి మూడు వందల పైన అయ్యాయి. తొమ్మిదికి ఆఫీసు. నాది వీసాల పని. ఎవరి అనుమతి ఎప్పుడు ముగుస్తుందో చూసుకోవడం, ఫొటోలు, సంతకాలు, పాస్‌పోర్టు పేజీల కాపీలు. ఆయనది ఇళ్ల పని. యువ మిషనరీలు ఉండే ఫ్లాట్లన్నిటికీ అద్దె, కరెంటు, నీళ్లు ఆయనే చూస్తారు.

ఇక మధ్యాహ్నం మూడింటికి అంటే, పోయిన మంగళవారం ఆ సమయానికి నేను ఒకబ్బాయి జనన ధ్రువపత్రంలో ఉన్న పేరుకీ పాస్‌పోర్టులో ఉన్న పేరుకీ ఒక్క అక్షరం తేడా వస్తే, దాని గురించి ఉత్తరం టైపు చేస్తున్నాను. మొదటి మూడు నెలలు నాకు చాలా కష్టంగా ఉండేది. ఇంత దూరం వచ్చింది కాగితాలు సర్దడానికా అని రాత్రి దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చిన రోజులున్నాయి. తర్వాత ఒకరోజు ఆ కాగితాల మీది పేర్లు చదివి ఒక్కొక్కరి కోసం ప్రార్థన చేయడం మొదలుపెట్టాను. పని అదే, టేబులూ అదే. ఇప్పుడు ఫైలు తెరిస్తే మనిషి కనిపిస్తున్నాడు.

---

నీలి సంచి
అమ్మా, మేము తిరిగొచ్చి రెండేళ్లయింది. మేము వెళ్లింది వేరే సంస్థ తరఫున, సహాయ కార్యక్రమాలకి. వీల్‌చైర్లు, బావులు, కళ్లద్దాలు. ఫొటోలో చూస్తే అందంగా ఉంటుంది. ఆ ఫొటో వెనక రోజుల తరబడి ఫోన్లుంటాయి. గోడౌన్ తాళం ఎవరి దగ్గరుందో, లారీ ఎప్పుడొస్తుందో. వీల్‌చైరు ఇవ్వాలంటే ముందు మనిషిని కూర్చోబెట్టి తుంటి వెడల్పు, తొడ పొడవు, మోకాలి నుంచి పాదం దాకా కొలవాలి. కొలత తప్పితే ఆ కుర్చీయే పుండ్లు తెస్తుంది. ఆ కొలతలు తీయడం నేర్చుకోవడానికే మాకు చాలా రోజులు పట్టింది.

అయితే నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. మీ ఇద్దరి గురించి చెప్పాలి.

నలభై ఏళ్లు కాపురం చేశాం, ఒకరికొకరు బాగా తెలుసనుకున్నాం. ఆ నలభై ఏళ్లలో పగలంతా నేను ఉద్యోగంలో, ఆవిడ ఇంట్లో, స్కూల్లో. అక్కడికెళ్లాక ఇరవై నాలుగు గంటలూ ఒక్క గదిలో, ఒక్క కారులో, ఒక్క టేబుల్ దగ్గర. మన భాష మాట్లాడే మనిషి ఊరు మొత్తంలో ఆవిడకి నేను, నాకు ఆవిడ. అలసటొచ్చినా కోపమొచ్చినా ఇంటి మీద బెంగొచ్చినా అన్నీ ఆ ఒక్క మనిషి మీదే పడతాయి. రెండో నెలలో ఒకరోజు కారు తప్పు దారిలో పోనిచ్చానని మాటా మాటా పెరిగింది. రోడ్డు పక్కన ఆపేసి గంట సేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆ సాయంత్రం మేము వాక్యం చెప్పాల్సిన ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి గుమ్మం దగ్గర నేను క్షమించమని అడిగాను, ఆవిడ నా భుజం మీద చెయ్యేసింది. అప్పుడు లోపలికి వెళ్లాం.

ఆ తర్వాత ఒక ఏర్పాటు చేసుకున్నాం. రోజూ సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా ఎవరి దారి వారిది. ఆవిడ పుస్తకం పట్టుకుని బాల్కనీలో, నేను కింద చెట్టు దగ్గర. ఆ గంటే మా కాపురాన్ని నిలబెట్టిందని నేను గట్టిగా నమ్ముతాను. బయల్దేరే ముందే ఈ మాట ఇద్దరూ అనుకోండి.

---

సైకిల్ రోజులు
ఆంటీ గారూ, నేను దంపతుల్లో ఒకణ్ని కాదు. పందొమ్మిదేళ్లప్పుడు మిషన్‌కి వెళ్లినవాణ్ని. అయినా చెప్పాలనిపించింది.

మా రోజుల్లో యువ మిషనరీలు ఇంటికి ఫోన్ చేసేది ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. వారానికోసారి మాట్లాడుకునే వీలు 2019 ఫిబ్రవరిలో వచ్చింది, అప్పటికి నేను తిరిగొచ్చేశాను. ఆరో నెలలో నాకు జ్వరం పట్టుకుంది. నాలుగు రోజులు లేవలేకపోయాను. మా ప్రాంతంలో ఒక పెద్ద దంపతులుండేవారు. ఆవిడకి నా భాష రాదు, నాకు ఆవిడ ఇంగ్లిష్ సగమే అర్థమయ్యేది. రోజూ పొద్దున వచ్చి మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. తడిబట్ట నుదుటి మీద వేసి, అది వేడెక్కితే తీసి మళ్లీ తడిపి వేసేవారు. మధ్యలో ఊలు అల్లుకునేవారు. ఆ సూదుల టిక్కు టిక్కు చప్పుడు నాకింకా గుర్తుంది. అది వినబడుతుంటే ఇంట్లో ఉన్నట్టే నిద్ర పట్టేది.

ఆయనేమో మా బాత్‌రూమ్ గోడకి పట్టిన బూజు గీకి, పొగ వస్తే మోగే అలారంలో బ్యాటరీ మార్చి వెళ్లారు. ఆ రెండేళ్లలో నేను విన్న ప్రసంగాల్లో ఒక్కటీ ఇప్పుడు పూర్తిగా గుర్తు లేదు. ఆ కుర్చీ మాత్రం గుర్తుంది.

---

వార్డు సిస్టర్
కృపాకిరణం గారూ, నేను నర్సుగా ముప్పై ఏళ్లు చేశాను. మీ వయసు చూసి రాస్తున్నాను, ఇవి తేలిగ్గా తీసుకోకండి.

మీరు వెళ్లే దేశం ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే ఒక జ్వరం) టీకా అడుగుతుందేమో ముందే చూడండి. కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. 2016 జూలై నుంచి ఆ టీకా సర్టిఫికేట్ జీవితాంతం చెల్లుతుంది. కానీ అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్లలో తీవ్రమైన దుష్ఫలితాల ప్రమాదం ఎక్కువ. అందుకని ఊరికే వెళ్లి వేయించుకోవద్దు, ప్రయాణ వైద్యం తెలిసిన డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. మలేరియా ఉన్న ప్రాంతమైతే మాత్రలు వెళ్లే ముందే మొదలుపెట్టాలి, తిరిగొచ్చాక కూడా వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు. ఒంట్లో బాగానే ఉంది కదా అని మధ్యలో ఆపేసి జబ్బు పడ్డవాళ్లని చూశాను.

మందుల చీటీ మీద కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయించుకోండి. కంపెనీ పేర్లు దేశానికొకటి. కొన్ని నొప్పి మాత్రల మీద కొన్ని దేశాల్లో నిషేధమో గట్టి ఆంక్షలో ఉంటాయి, ట్రమడాల్ లాంటివి. ముందు కనుక్కోకపోతే ఎయిర్‌పోర్టులోనే టెన్షన్. ఇన్సులిన్ వాడుతుంటే చేతి సంచిలోనే పెట్టుకోండి, విమానం కింది సామాన్ల గదిలో గడ్డకట్టిపోవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. బీపీ మాత్ర ఏ టైముకి వేసుకోవాలో టైమ్ జోన్ మారే రోజుకి కాగితం మీద రాసుకెళ్లండి.

ఇంకొక్క మాట. పళ్లు, కళ్లు చూపించుకుని వెళ్లండి. కళ్లద్దాలు రెండో జత తప్పనిసరి.

---

ఆలోచిస్తున్నవాడు
అందరి మీదా గౌరవంతోనే అడుగుతున్నాను. ఇద్దరు పెద్దవాళ్ల విమానం టికెట్లు, అద్దె, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే ఆ డబ్బుతో అక్కడి మనుషులకే ఎన్నేళ్లు పని ఇవ్వొచ్చు? భాష వాళ్లదే, ఊరు వాళ్లదే. మనం వెళ్లి చేసేది వాళ్లు చేసుకోలేరా? ఇది విమర్శ కాదు, నా మనసులో నిజంగా ఉన్న ప్రశ్న.

---

చిన్న మంద
బ్రదర్, ఈ ప్రశ్నకి నేను జవాబు చెప్పాలి. నేను అవతలి వైపు మనిషిని. మాది చిన్న సంఘం, నేను కాపరిని. పదేళ్లలో మా దగ్గరికి విదేశాల నుంచి మూడు జంటలు వచ్చి ఉన్నారు.

మీరన్నది చాలావరకు నిజం. మొదట వచ్చిన జంట చాలా మంచివాళ్లు. మంచితనం వల్లే ఇబ్బందైంది. ఎవరు ఏడిస్తే వాళ్లకి జేబులోంచి తీసి ఇచ్చేవారు. స్కూలు ఫీజు, ఆస్పత్రి బిల్లు, ఇంటి రేకులు. ఆరు నెలలు తిరిగేసరికి ఆదివారం ఆరాధన అయిపోగానే వాళ్ల చుట్టూ గుంపు, నా చుట్టూ ఎవరూ లేరు. తీసుకున్నవాళ్ల మీద తీసుకోనివాళ్లకి అసూయ. వాళ్లు వెళ్లిపోయాక ఆ సంఘాన్ని మళ్లీ ఒక్కటి చేయడానికి నాకు రెండేళ్లు పట్టింది. వాళ్లకి ఈ సంగతి తెలియదు కూడా, చెప్పి బాధపెట్టలేకపోయాను.

మూడో జంట వేరు. వచ్చిన రోజే ఆయన నన్ను అడిగారు: "అయ్యా, ఎవరైనా డబ్బు అడిగితే మేమేం చేయాలి?" నేను చెప్పాను, నా దగ్గరికి పంపండి, సంఘ పెద్దలం కూర్చుని చూస్తాం అని. పద్దెనిమిది నెలలూ ఆ మాట తప్పలేదు. ఇవ్వాలనుకున్నది సంఘం పెట్టెలో వేసేవారు. ఎవరిచ్చారో ఎవరికీ తెలిసేది కాదు. ఆవిడ మా ఆదివారపు బడి టీచర్ పక్కన కూర్చుని పాఠం ఎలా తయారు చేసుకోవాలో నేర్పారు. ఆవిడ పాఠం చెప్పింది మొదటి నెల మాత్రమే. తర్వాత వెనక బెంచీలో కూర్చునేవారు. ఇప్పుడు ఆ టీచర్ ఇంకో ముగ్గురికి నేర్పుతోంది.

డబ్బు పంపితే డబ్బు వస్తుంది తమ్ముడూ. కానీ మా ఊళ్లో భార్యాభర్తలు ఒకరితో ఒకరు అంత మర్యాదగా మాట్లాడుకోవడం మా కుర్రాళ్లు అంతకు ముందు చూడలేదు. దాన్ని పంపడానికి మనుషులే రావాలి.

---

ఆలోచిస్తున్నవాడు
మీరు ఇంత విడమరిచి చెప్పినందుకు కృతజ్ఞతలు అయ్యగారూ. మొదటి జంట సంగతి ప్రతి జంటకీ బయల్దేరే ముందే చెప్పాలి. ఖర్చు విషయంలో నా ప్రశ్న ఇంకా ఉంది, కానీ ఇంతకు ముందు అడిగినట్టు మాత్రం మళ్లీ అడగను.

---

పాత పలక
చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ని, అందుకని ఒక పాత సంగతి. వయసు గురించి బెంగ ఉంటే ఫాదర్ హేయర్‌ని గుర్తు చేసుకోండి. లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1793లో పుట్టారు. 1842లో గుంటూరు వచ్చి పని మొదలుపెట్టారు. అమెరికా తిరిగి వెళ్లిపోయాక, మనుషులు లేక ఇక్కడి పనిని వేరే మిషన్‌కి అప్పగించేస్తున్నారని తెలిసి, నేను వెళ్తానని లేచారు. 1869లో, 76 ఏళ్ల వయసులో, మళ్లీ ఓడెక్కి రాజమండ్రి చేరారు. కొత్తవాళ్లకి పని అప్పజెప్పి వెళ్లారు. అప్పటికి ఆయన భార్య చనిపోయి ముప్పై ఏళ్లు. ఒంటరిగా వచ్చారు. మీరు ఇద్దరు.

మన వైపు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. జాన్ రంగయ్య గారు 1903లో భార్యతో కలిసి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లారు. చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మధ్య సంఘం కట్టారు. ఆ దంపతుల మంగళవారాలు ఎలా గడిచేవో ఎవరైనా రాసి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది నాకు. మీరు రోజూ నాలుగు వరుసలైనా డైరీ రాయండమ్మా.

---

పెద్దకూతురు
వెళ్లే వాళ్లందరూ రాశారు, ఇంటి దగ్గర మిగిలినవాళ్ల తరఫున నేను రాస్తాను. మా అమ్మానాన్న ఇరవై మూడు నెలలు వెళ్లారు. వెళ్లిన అయిదో నెలలో మా నాన్నమ్మ పోయింది. నాన్న రాలేకపోయారు. విమానాలు దొరికినా సమయానికి అందే దారి లేదు. భూస్థాపన అంతా ఫోన్‌లో చూపించాను. చెయ్యి వణుకుతుంటే తమ్ముడు నా మోచేయి పట్టుకున్నాడు. అక్కడ అర్ధరాత్రి దాటింది. నాన్న తెల్ల చొక్కా, టై వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నారు, చివరిదాకా.

ఆంటీ, అలాంటి రోజు వస్తే ఏం చేయాలో వెళ్లకముందే పిల్లలతో కూర్చుని మాట్లాడండి. ఎవరు నిర్ణయం తీసుకోవాలి, ఎవరి దగ్గర కాగితాలు ఉండాలి, బ్యాంకులో ఎవరి సంతకం చెల్లుతుంది, ఆస్తి కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయి. పెన్షన్ వచ్చేచోట ఏడాదికోసారి బతికి ఉన్నట్టు ధ్రువపత్రం అడిగితే విదేశం నుంచి ఎలా పంపాలో కూడా ముందే కనుక్కోండి. మా నాన్న అది మర్చిపోతే మూడు నెలలు పెన్షన్ ఆగింది.

మనవలకి రోజూ కాకపోయినా ఒకే రోజు, ఒకే టైముకి ఫోన్ చేయండి. మా పాప ఆదివారం సాయంత్రం అయిదయ్యేసరికి టాబ్ ముందు దువ్వెన పట్టుకుని కూర్చునేది, అమ్మమ్మ చూస్తుంది జడ వెయ్యమని.

---

కృపాకిరణం
అందరి మాటలూ మావారికి చదివి వినిపించాను. చిన్న మంద అయ్యగారు రాసింది రెండుసార్లు చదివించుకున్నారు. నాలుగు నుంచి అయిదు దాకా గంట మేమూ పెట్టుకుంటాం. టీకా గురించి డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఇంకో ఆరు వారాల్లో ప్రయాణం. మా కోసం ప్రార్థించండి.

---

కృపాకిరణం (నాలుగు నెలల తర్వాత)
మళ్లీ వందనాలు. మేము వచ్చి పది వారాలు. ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది. నాకు ఆడవాళ్ల తరగతి అప్పగించారు, కుట్టుపని, చదువు. వారానికి రెండు మధ్యాహ్నాలు ముసలివాళ్ల ఇళ్లకి వెళ్తాను. వాళ్ల భాషలో "ఇవాళ ఎలా ఉన్నారు?" అని అడగడం బాగా వచ్చింది. జవాబు అర్థం కాదు. మొన్న ఒకావిడ పావుగంట చెప్పింది, నాకు అందులో తెలిసింది "కొడుకు" అన్న మాట ఒక్కటే. మూడుసార్లు అంది. మూడోసారి ఆవిడ గొంతు మారింది. నేను దగ్గరికి జరిగి చెయ్యి పట్టుకున్నాను. ఇంటికొచ్చాక ఆ వారమంతా భాష మీద రోజుకి గంట కూర్చున్నాను. మళ్లీ వెళ్లేసరికి కొడుకు గురించి ఒక్క ప్రశ్నైనా అడగగలగాలి.

నా బాధ మావారి గురించి. ఆయనకి అనుకున్న పని ఇంకా మొదలు కాలేదు, అనుమతులు రాలేదంటున్నారు. నేను బయటికి వెళ్తే ఆయన ఇంట్లో ఒక్కరే. ఏమీ అనరు. నిన్న నేను వచ్చేసరికి చీకట్లో లైటు వేసుకోకుండా కూర్చున్నారు. నాకు చాలా దిగులేసింది. ఎవరైనా ఇలాంటిది దాటారా?

---

పద్నాలుగో నెల
అక్కా, మేము పోయిన నెలే ఇంటికి వచ్చేశాం. మీరు చెప్పింది చాలా జంటల్లో చూశాను. ఒకరికి పని దొరుకుతుంది, ఇంకొకరు ఎదురు చూస్తూ ఉంటారు. ముఖ్యంగా ముప్పై నలభై ఏళ్లు ఆఫీసులో నలుగురికి చెప్పి చేయించిన మగవాళ్లకి ఇది చాలా కష్టం. పై నుంచి పని వచ్చేదాకా ఆగవద్దు. మీ మిషన్ నాయకుడితో మీరు కాదు, ఆయన్నే మాట్లాడమనండి. "నాకు ఇవి వచ్చు" అని కాగితం మీద రాసి ఇవ్వమనండి. మావారు అలాగే ఇచ్చారు: ప్లంబింగ్, లెక్కలు, డ్రైవింగ్. ఇళ్ల పని అలాగే దొరికింది.

నీలి సంచి
మీరు వెళ్లే ఇళ్లకి ఆయన్నీ తీసుకెళ్లండి అమ్మా. భాష రాకపోయినా తలుపు బందు ఊడితే బిగించడానికి భాష అక్కర్లేదు. ఒక స్క్రూడ్రైవర్, కొన్ని మేకులు, టేపు చిన్న సంచిలో వేసి ఆయన చేతికివ్వండి. నా నీలి సంచి అలా మొదలైందే.

---

కృపాకిరణం
మీ ఇద్దరి మాటా విన్నాం. సోమవారం ఆయన తనకి వచ్చిన పనులు రాసిచ్చారు. ఈ రోజు పొద్దున యువ మిషనరీల ఫ్లాట్‌లో కుళాయి కారుతోందని ఫోన్ వచ్చింది. కుట్టుపెట్టె కింది అరలోని రేకు డబ్బా ఖాళీ చేసి అందులో పానా, టేపు సర్దుకుని వెళ్లారు. ఇప్పుడు ఇక్కడ రాత్రి ఏడున్నర. ఇంకా రాలేదు. మధ్యలో ఫోన్ చేసి, కుళాయి అయిపోయింది, పక్క ఫ్లాట్‌లో కిటికీ గడియ కూడా పడట్లేదట, చూసి వస్తానన్నారు. గొంతు చాలా రోజుల తర్వాత మామూలుగా ఉంది. అన్నం మీద మూత పెట్టి కూర్చున్నాను.